కూర్చునే... ఎందరినో నిలబెట్టింది!

డాక్టరైన రెండేళ్లకే నడుము కింద శరీరం చచ్చుబడిపోయింది. ఇక లేచి నిలబడటం కుదరదని తేలిపోయింది. చేతులు మాత్రం మిగిలాయి. ఆ రెండు చేతులతోనే, అప్పట్లో ఎవరూ ముట్టుకోవడానికి ఇష్టపడని మనుషుల చేతుల్ని బాగుచేసిందామె. డాక్టర్ మేరీ వర్గీస్ కథ ఇది.

మన ఊళ్లలో పెద్ద జబ్బు మాట వస్తే చాలు, ఎవరో ఒకరు ‘ఇక్కడ తేలకపోతే రాయవేలూరు తీసుకెళ్లండి’ అంటారు. చిత్తూరు, నెల్లూరు, కడప, అనంతపురం వైపు ఈ మాట మరీ ఎక్కువ. కాట్పాడి స్టేషన్లో రైలు దిగితే ఆటోవాళ్లు తెలుగులోనే బేరమాడతారు. లాడ్జీల ముందు తెలుగు బోర్డులు కనిపిస్తాయి. అందులో వింతేమీ లేదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా అదీ ఇదీ ఒకే జిల్లా... ఉత్తర ఆర్కాటు.

ఇంతమంది వెళ్లివచ్చే ఆ ఆస్పత్రిని 1900లో ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టింది అమెరికన్ వైద్యురాలు ఐడా స్కడర్. 1918లో ఆడపిల్లల కోసం మెడికల్ స్కూలు కూడా తెరిచింది. అదే తర్వాత క్రిస్టియన్ మెడికల్ కాలేజీ అయింది. ఇదంతా చాలామందికి తెలుసు. అదే ఊళ్లో, కాస్త ఎడంగా బాగాయంలో, మేరీ వర్గీస్ పేరుతో ఓ సంస్థ ఉంది. వెన్నెముక విరిగినవాళ్లు, కాళ్లూ చేతులూ పడిపోయినవాళ్లు అక్కడికి వస్తారు. నడవడానికి కాదు... నడక లేకుండా బతకడం నేర్చుకోవడానికి. ఆ పేరు ఎవరిదో అక్కడికి వెళ్లివచ్చిన చాలామందికి తెలియదు.

ఆ జనవరి రోజు...

కేరళలో ఎర్నాకుళం దగ్గర చెరాయి అనే ఊరు మేరీది. పుట్టింది 1925లో. కలిగిన సిరియన్ క్రైస్తవ కుటుంబం. ఎర్నాకుళం మహారాజా కాలేజీలో చదివి, 1946లో వేలూరు వచ్చి వైద్యవిద్యలో చేరింది. 1952లో డిగ్రీ చేతికొచ్చింది. ఆడవాళ్ల డాక్టరు కావాలన్నది ఆమె కోరిక. కాన్పులు, ఆపరేషన్లు... ఆ దారిలోనే అడుగులు వేస్తోంది.

1954 జనవరిలో ఓ సెలవురోజున కుర్ర డాక్టర్లంతా కలిసి పిక్నిక్ కని స్టేషన్ వేగన్లో బయల్దేరారు. ముందు వెళుతున్న బస్సును దాటబోయి బండి అదుపు తప్పింది. మైలురాయిని గుద్దుకుని పల్టీలు కొట్టింది. అందరికన్నా ఎక్కువ దెబ్బలు తగిలింది మేరీకే. ముఖం చీరుకుపోయింది. వెన్నెముక దెబ్బతింది. అప్పుడామె వయసు 28.

ముఖం మీది గాయం మచ్చ మిగిల్చి మానింది. నడుము కింది భాగం మాత్రం తిరిగి రాలేదు. కాళ్లు కదలవు. గిచ్చినా తెలియదు. మలమూత్రాల మీద అదుపు లేదు. వెన్నెముకకు ఒకటికి మించి ఆపరేషన్లు చేయాల్సొచ్చింది. అవి కూడా నడిపించడానికి కాదు, కనీసం కూర్చోబెట్టడానికి! నెలల తరబడి మంచమే లోకమైంది. గంట గంటకూ ఎవరో ఒకరు ఒత్తిగిలించాలి. లేకపోతే ఒంటి కింద పుండ్లు పడతాయి. నిన్నటిదాకా ఏ వార్డుల్లో రౌండ్లకు వెళ్లిందో ఆ వార్డులోనే తనో రోగి.

డాక్టరుకు ఈ స్థితి మామూలు రోగికన్నా కష్టం. తన ఎక్స్‌రేను తనే చదవగలదు. ‘తగ్గిపోతుందమ్మా’ అని ఎవరైనా అంటే ఆ మాటలో ఎంత నిజముందో తెలుసు.

యోబు స్నేహితులు

ఇలాంటి మంచం పక్కన కూర్చుని ఏం మాట్లాడాలి? మన ఇళ్లలో ఇది తరచూ ఎదురయ్యే ప్రశ్నే. చూడ్డానికి వచ్చినవాళ్లు ఊరికే ఉండలేరు. ‘ఏ జన్మలో ఏ పాపం చేశావో’ అనేవాళ్లు కొందరు. క్రైస్తవుల ఇళ్లలో అయితే ‘దేవుడు నిన్ను పరీక్షిస్తున్నాడు’ అంటారు. ఇంకాస్త ముందుకెళ్లి, ‘నీకు విశ్వాసం ఉంటే ఈపాటికి లేచి నడిచేదానివి’ అని తేల్చేసేవాళ్లూ ఉంటారు. స్వస్థత కూటాల వేదికల మీద చక్రాల కుర్చీల్లోంచి జనాన్ని లేపి నిలబెట్టే ప్రయత్నాలు మనం చూస్తూనే ఉన్నాం. లేవలేకపోయినవాడి సంగతి ఎవరికీ పట్టదు. జబ్బు ఎలాగూ ఇంటికి వెంట వస్తుంది. దానికి తోడు ‘నా భక్తిలోనే లోపం ఉంది’ అనే బరువు కూడా మోసుకెళతాడు. దీన్ని ప్రార్థన అనడానికి నాకు నోరు రాదు.

బైబిల్ మాత్రం ఈ విషయంలో ఇంత తొందరపడదు. యోబు కథే తీసుకోండి. ఆస్తి పోయింది, పిల్లలు పోయారు, ఒళ్లంతా కురుపులు. ముగ్గురు స్నేహితులు పరామర్శకు వచ్చారు. ఏడు రోజులు, ఏడు రాత్రులు అతని పక్కన నేలమీద మౌనంగా కూర్చున్నారు. అప్పటిదాకా బాగానే ఉంది. ఎనిమిదో రోజున నోళ్లు తెరవడంతో వచ్చింది చిక్కంతా! నువ్వేదో తప్పు చేసుంటావు, ఒప్పేసుకో అంటూ పుస్తకం నిండా వాదించారు. చివరికి దేవుడికి కోపం వచ్చింది ఎవరిమీదో తెలుసా? తనను నిలదీసిన యోబు మీద కాదు. తన తరఫున వకాల్తా పుచ్చుకున్న ఆ ముగ్గురి మీద.

యోహాను సువార్తలో పుట్టుగుడ్డి కనిపించగానే శిష్యులు అడిగిందీ అదే. పాపం ఇతనిదా, కన్నవాళ్లదా? క్రీస్తు ఆ లెక్కే తప్పన్నాడు. కీర్తనల గ్రంథం తిరగేస్తే మూడోవంతు దాకా మొరలే, ఏడుపులే. వాటిలో 88వ కీర్తన అయితే చీకటి అనే మాటతోనే ముగిసిపోతుంది. ఓదార్పు వాక్యం ఒక్కటీ ఉండదు. అయినా దాన్ని ఎవరూ బైబిల్లోంచి తీసేయలేదు. అంటే దేవుణ్ణి నమ్మడమంటే ఏడవకుండా ఉండటం కాదని యూదులకూ, క్రైస్తవులకూ మొదట్నుంచీ తెలుసు. ఎవరిముందు ఏడవాలన్నదే వాళ్ల విశ్వాసం.

మేరీకి ఆ ప్రమాదం ఎందుకు జరిగిందో ఎవరూ చెప్పలేకపోయారు. ఆమె కూడా ఆ ‘ఎందుకు’కు జవాబు దొరికాక బతకడం మొదలుపెట్టలేదు. డొరతీ క్లార్క్ విల్సన్ అనే అమెరికన్ రచయిత్రి ఆమె జీవితాన్ని ‘టేక్ మై హ్యాండ్స్’ పేరుతో 1963లో పుస్తకంగా రాశారు. నా కాళ్లు ఇవ్వు అని కాదు, నా చేతులు తీసుకో అని. ఆ పేరులోనే విషయమంతా ఉంది.

చేయి కలిపితే తెలిసింది

ఆమెను కూర్చోబెట్టిన సర్జన్ పేరు పాల్ బ్రాండ్. మిషనరీ తల్లిదండ్రులకు 1914లో తమిళనాడులోని కొల్లి కొండల మీద పుట్టాడు. ఇంగ్లండులో చదువుకుని, మేరీ వేలూరు వచ్చిన 1946లోనే ఆయనా అక్కడికి వచ్చాడు. ఎముకల డాక్టరు.

మరుసటి ఏడాది ఆయన చెంగల్పట్టు కుష్ఠు ఆస్పత్రి చూడ్డానికి వెళ్లాడు. అక్కడ రోగుల చేతివేళ్లు గోళ్లలా లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. ఓ రోగితో చేయి కలిపి చూశాడు. మొద్దుబారిన ఆ చేయి ఆయన చేతిని ఎంత గట్టిగా నొక్కిందంటే నొప్పితో కేకపెట్టాల్సి వచ్చింది. బ్రాండ్‌కు అక్కడే బుర్రలో దీపం వెలిగింది. చేయి చచ్చిపోలేదు. కొన్ని కండరాలు పడిపోయాయి, కొన్ని బలంగా ఉన్నాయి. మరి బలంగా ఉన్నవాటిని పడిపోయినవాటి పనికి పెడితే?

మోచేతి దగ్గర చర్మానికి దగ్గరగా ఒక నరం వెళుతుంటుంది. అక్కడ తగిలితే చెయ్యి జివ్వుమంటుంది చూడండి... అదే. కుష్ఠు ఎక్కువగా దెబ్బతీసేది దాన్నే. దాంతో వేళ్లను చాపి ఉంచే చిన్న కండరాలు పనిచేయవు. ముంజేతిలోని పెద్ద కండరాలకు మాత్రం ఏమీ కాదు. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడులాంటి దాన్ని టెండన్ అంటారు. బాగున్న కండరం తాలూకు టెండన్‌ను విడదీసి, చర్మం కిందుగా తీసుకెళ్లి వేళ్లకు కుడతారు. ఆపరేషన్‌తో పని అయిపోదు. ఏ కండరంతో ఏ వేలు కదపాలో మెదడు మళ్లీ మొదట్నుంచి నేర్చుకోవాలి. దానికి వారాల తరబడి వ్యాయామం.

వేళ్లు చాపగలిగితే ఏమవుతుంది? అన్నం కలుపుకోవచ్చు. చొక్కా గుండీ పెట్టుకోవచ్చు. పలుగూ పారా పట్టుకోవచ్చు. ఎదుటివాడికి నమస్కారం పెట్టొచ్చు. బ్రాండ్ ఇంకో సంగతి కూడా కనిపెట్టాడు. కుష్ఠు రోగుల వేళ్లు వాటంతటవే రాలిపోవు. నొప్పి తెలియదు కాబట్టి కాలినా, కోసుకున్నా, మేకు దిగినా వాళ్లకు తెలియదు. అలా గాయం మీద గాయమై పోతాయి. నొప్పి అనేది ఎంత పెద్ద వరమో ఆయన తర్వాత ఓ పుస్తకమే రాశాడు.

చేయాల్సిన చేతులు వేలల్లో ఉన్నాయి. చేసే డాక్టర్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమంది. మామూలు ఆస్పత్రులు కుష్ఠు రోగిని గడప దాటనివ్వని రోజులవి. ఆంధ్రలో సాలూరు, తెలంగాణలో డిచ్‌పల్లి లాంటి చోట్ల మిషనరీలు కుష్ఠు ఆస్పత్రులు ప్రత్యేకంగా పెట్టాల్సి వచ్చింది అందుకే.

ఆ అవసరాన్నీ, మంచంమీద ఉన్న మేరీనీ పక్కపక్కన పెట్టి చూశాడు బ్రాండ్. చేతి ఆపరేషన్ అంటే మామూలుగానే కూర్చుని చేస్తారు. కాళ్లతో పనిలేదు. కావాల్సింది నిదానం, సన్నని పనితనం. మరి నువ్వెందుకు చేయకూడదని మేరీని అడిగాడు.

డాక్టరు కుర్చీ కేసి చూసిన కళ్లు

అడిగినంత తేలిక కాలేదు. పడిపోయిన నడుముతో గంటల తరబడి నిటారుగా కూర్చోవాలి. ఆపరేషన్ థియేటర్లోకి చక్రాల కుర్చీ తోసేవాళ్లు ఉండాలి. బల్ల ఎత్తు సరిపోవాలి. గైనకాలజిస్టు కావాలనుకున్న మనిషి సర్జరీ మళ్లీ మొదట్నుంచి నేర్చుకోవాలి. వీటన్నిటికీ ఒప్పుకుంది మేరీ. నేర్చుకుంది, చేసింది. కొన్నాళ్లకు కుష్ఠు రోగుల చేతుల ఆపరేషన్లు ఆమె రోజువారీ పనైంది.

వార్డులో ఒక చిత్రం జరిగింది. బ్రాండ్ దాన్ని తన రచనల్లో గుర్తుచేసుకున్నాడు. అప్పటిదాకా ఎంతో నిరాశగా ఉండే రోగులు మేరీ కుర్చీ వార్డులోకి రాగానే తలెత్తి చూసేవాళ్లట. వాళ్ల చేతులు వంకరపోయినా కాళ్లమీద నడవగలరు. ఈ డాక్టరమ్మ అదీ చేయలేదు. అయినా తమకు వైద్యం చేస్తోంది! ఇంతకన్నా పెద్ద మందు ఏ సీసాలో ఉంటుంది?

ఇంకో సామ్యం కూడా ఉంది. నాకు ఈ కథలో అన్నిటికన్నా బలమైనది అదే అనిపిస్తుంది. కుష్ఠు రోగి అరచేతిలో స్పర్శ లేదు. మేరీకి నడుము కింద స్పర్శ లేదు. వేడి గిన్నె పట్టుకుంటే అతనికి తెలియదు. గట్టి కుర్చీలో ఎక్కువసేపు కూర్చుంటే ఆమెకు తెలియదు. నొప్పి చేయాల్సిన కాపలాను కళ్లతో చేసుకోవాలని రోగులకు ఆమె చెప్పాలి. తానూ అదే పాటించాలి. చెప్పేవాళ్లకూ వినేవాళ్లకూ ఒకే పుండు, ఒకే మందు.

పేతురు ఎందుకు వద్దన్నాడు?

సీఎంసీ ఆదర్శ వాక్యం మత్తయి సువార్తలోనిది. ఆ సందర్భం కాస్త సరదాగా ఉంటుంది. యాకోబు, యోహానుల తల్లి క్రీస్తు దగ్గరకు సిఫార్సుకు వస్తుంది. రేపు నీ రాజ్యంలో నా కొడుకులిద్దరినీ నీకు కుడివైపు ఒకణ్ణి, ఎడమవైపు ఒకణ్ణి కూర్చోబెట్టుకోమని. సీట్ల కోసం తల్లుల తాపత్రయం ఈనాటిది కాదు! మిగతా పదిమంది శిష్యులకూ అది విని ఒళ్లు మండింది. అప్పుడు క్రీస్తు అందర్నీ కూర్చోబెట్టుకుని, పెద్దవాడు కావాలనుకునేవాడు మిగతావాళ్లకు పనివాడు కావాలన్నాడు. తాను వచ్చింది కూడా ఒకరిచేత చేయించుకోవడానికి కాదనీ, ఒకరికి చేసిపెట్టడానికేననీ చెప్పాడు.

ఆ మాట చదువుకుని పెరిగిన డాక్టరు మేరీ. మరి అలాంటి మనిషికి, ఒకరిచేత చేయించుకుంటే తప్ప పూట గడవని రోజు వస్తే?

సేవ చేయడంలో వినయం ఉందని అందరం అంటాం. నిజమే. కానీ చేసేవాడి చేయి ఎప్పుడూ పైనే ఉంటుంది. ఇచ్చానన్న తృప్తి ఉంటుంది. నలుగురూ మెచ్చుకుంటారు. చేయించుకోవడంలో అవేవీ ఉండవు. మన పెద్దవాళ్లను చూడండి. ఆస్తి అడగరు, ఆయుష్షూ అడగరు. ‘కాళ్లూ చేతులూ ఆడుతుండగానే పోవాలి, మంచాన పడి ఒకరికి భారం కాకూడదు’ అని మాత్రం దణ్ణం పెట్టుకుంటారు. జీవితమంతా పదిమందికి వండిపెట్టిన అమ్మమ్మ, కోడలు బెడ్‌పాన్ పెట్టబోతే మొహం గోడవైపు తిప్పుకుంటుంది. ఊరికి పెద్దమనిషిగా బతికిన తాత, కొడుకు స్నానం చేయిస్తానంటే కసురుకుంటాడు. చావుకన్నా దానికే ఎక్కువ భయపడతారు. చూసేవాళ్లు విసుక్కుంటారనే భయం కొంతే. ఎక్కువ భాగం, మన లెక్కలో మనిషి విలువ అతను చేసిపెట్టే పనిని బట్టి ఉండటమే.

క్రీస్తు కాళ్లు కడిగిన ఘట్టంలో గురువు తువ్వాలు కట్టుకుని వంగడం గురించే ప్రసంగాల్లో ఎక్కువగా చెబుతారు. ఈస్టర్‌కు ముందు గురువారం కేథలిక్ చర్చిల్లో ఫాదర్లు పన్నెండుమంది కాళ్లు కడుగుతారు. 2016 నుంచి ఆ పన్నెండుమందిలో ఆడవాళ్లకూ చోటు వచ్చింది. కానీ ఆ కథలో పేతురు చేసింది చూడండి. నా కాళ్లు నువ్వు కడగడమేంటి, వీల్లేదంటాడు. పైకి అది భక్తే. లోపల ఉన్నది మొహమాటమో, అభిమానమో! కడగనివ్వకపోతే నాతో నీకు పాలు లేదని క్రీస్తు గట్టిగా చెప్పాక గానీ దారికి రాలేదు. ఒకరి కాళ్లు కడగమని శిష్యులకు చెప్పే ముందు, తన కాళ్లు ఒకరి చేతుల్లో పెట్టి కూర్చోవడం నేర్పాడు ఆ గురువు.

ఆమాటకొస్తే ఆయనా అందుకు మినహాయింపు కాదు. బావి దగ్గర సమరయ స్త్రీని మంచినీళ్లు అడిగాడు. ఆయన వెంట తిరిగిన స్త్రీలు తమ డబ్బుతో ఆయన అవసరాలు చూశారని లూకా రాశాడు. చివరికి తన సిలువనే కొండదాకా మోయలేకపోతే పొలంనుంచి వస్తున్న సీమోను మోశాడు. దేవుడు మనిషై పుట్టాడని నమ్మేవాళ్లకు ఇది చిన్న సంగతి కాదు. ఆ దేవుడు ఒకరి భుజం సాయం తీసుకున్నాడు.

మేరీ దాదాపు మూడు దశాబ్దాలు అదే చేసింది. పగలు ఆపరేషన్ చేసే చేతులు ఆమెవి. ఆ బల్ల దగ్గరకు ఆమెను చేర్చిన చేతులు ఇంకెవరివో. ఒత్తిగిలించినవి, కుర్చీ తోసినవి, మెట్ల దగ్గర ఎత్తుకున్నవి... వాటిలో ఏ ఒక్కటి ఆ రోజు రాకపోయినా ఆపరేషన్ లేదు. తనకు చేసేవాళ్లను కాదనకుండా ఒప్పుకుంటేనే తను ఒకరికి చేయగలదు. కాళ్లున్న డాక్టర్లకు ఈ సంగతి తెలిసే అవకాశం తక్కువ.

పెర్త్, న్యూయార్క్... మళ్లీ వేలూరు

కొన్నాళ్లకు ఆమె ఆస్ట్రేలియా వెళ్లింది. పెర్త్‌లో వెన్నెముక దెబ్బతిన్నవాళ్ల కోసం పేరున్న కేంద్రం ఉండేది. మంచంలోంచి కుర్చీలోకీ, కుర్చీలోంచి మంచంలోకీ చేతుల బలంతో మారడం లాంటివి అలాంటి చోట్ల నేర్పిస్తారు. ఒకరి సాయం ఎంతవరకు అవసరమో, ఎక్కడినుంచి అవసరం లేదో తేల్చుకోవడం కూడా ఓ చదువే. అన్నీ చేయించుకోవడం ఎంత తప్పో, ఏదీ చేయించుకోనని మొండికేయడమూ అంతే తప్పు.

అక్కడే ఆమెకు ఇంకో ఆలోచన వచ్చింది. ఇలాంటిది మన దేశంలో లేదే! వెన్నువిరిగినవాడు ఆస్పత్రిలో ప్రాణాలు దక్కించుకుని ఇంటికెళ్లి, నెలల్లోనే పడక పుండ్లతోనో, మూత్రపిండాల జబ్బుతోనో పోయే రోజులవి. మనకూ ఇది దూరం కాదు. తాటిచెట్టు మీంచి పడి నడుము విరిగిన గీత కార్మికుల కుటుంబాలు తెలంగాణలో, కోస్తాలో ఎన్నో. సంపాదించే మనిషి మంచాన పడితే ఇల్లంతా మంచాన పడ్డట్టే.

అందుకే న్యూయార్క్ వెళ్లింది. అక్కడ డాక్టర్ హోవర్డ్ రస్క్ ఉన్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికులను మళ్లీ పనుల్లో నిలబెట్టి, ఆ అనుభవంతో పునరావాస వైద్యానికి ఓ శాస్త్రంగా గుర్తింపు తెచ్చినవాడు. చక్రాల కుర్చీలోనే ఆయన దగ్గర శిక్షణ పొందింది. పరీక్షలు రాసి నెగ్గి వచ్చింది. తిరిగొచ్చాక సీఎంసీలో ఆ విభాగానికి తనే అధిపతి అయింది. 1966లో బాగాయంలో పునరావాస కేంద్రం తెరుచుకుంది. రోగులను చేర్చుకుని నెలల తరబడి ఉంచి శిక్షణ ఇచ్చే ఇలాంటి కేంద్రాల్లో మన దేశంలో ఇదే మొదటిది. 1972లో ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది.

అమెరికాలోనే ఉండిపోయుంటే ర్యాంపులు, లిఫ్టులు, వెడల్పాటి బాత్రూములు ఉండేవి. 1960ల నాటి వేలూరులో ఏముంటాయి? ఎత్తు గడపలు, గతుకుల రోడ్లు. అయినా వచ్చింది. ఆమె రోగులు బతకాల్సింది కూడా ఆ గడపల మధ్యే కదా.

ఇలాంటి వైద్యం చూసేవాళ్లకు గొప్పగా కనిపించదు. గుండె మార్పిడిలా పేపర్లో మొదటి పేజీకి ఎక్కదు. మూడు నెలల తర్వాత రోగి సాధించేది ఒకరి సాయం లేకుండా లుంగీ కట్టుకోవడం. ఇంకో నెలకు కిరాణా కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చోగలగడం. ఇంట్లోవాళ్లకూ నేర్పాలి... ఎలా ఎత్తాలి, ఎప్పుడు తిప్పాలి, ఎక్కడ చేయి వేయకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, అన్నీ వాళ్లే చేసిపెట్టకుండా ఎక్కడ ఆగాలి. ప్రేమ ఎక్కువైన తల్లులకు ఈ చివరిది నేర్పడమే కష్టం!

రోజూ రాత్రి ఒక అద్దం

డాక్టర్ మేరీ వర్గీస్ 1986 డిసెంబరులో కన్నుమూశారు. అప్పటికి ఆమె వయసు 61. వెన్నెముక దెబ్బతిన్న మనిషి ప్రమాదం తర్వాత దాదాపు 33 ఏళ్లు, అదీ ఆ రోజుల్లో మొదలుపెట్టి, బతకడం మామూలు విషయం కాదు. అదే ఏడాది ఆమె పేరుతో ఓ ట్రస్టు మొదలైంది. వైకల్యం వచ్చినవాళ్లకు చేతిపని నేర్పించడం, బతుకుతెరువు చూపించడం దాని పని. బాగాయం కేంద్రానికీ ఆమె పేరే పెట్టారు.

కుష్ఠు ఇప్పుడు మందులకు లొంగే జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సూచించిన బహుళ ఔషధ చికిత్స మన ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. ఆరు నెలలు, లేదా ఏడాది మాత్రలు వేసుకుంటే చాలు. అయినా దేశంలో ఇప్పటికీ ఏటా లక్ష వరకు కొత్త కేసులు బయటపడుతున్నాయి. స్పర్శలేని మచ్చ కనిపించినా దాచుకునేవాళ్లే ఎక్కువ కాబట్టి కొందరికి చేతులు పాడయ్యాకే తెలుస్తుంది. బ్రాండ్, మేరీ చేసిన తరహా ఆపరేషన్ల అవసరం తీరిపోలేదు.

ఏడాదికోసారి బాగాయంలో రిహాబ్ మేళా జరుగుతుంది. ఎప్పుడో అక్కడ శిక్షణ పొంది వెళ్లినవాళ్లు మళ్లీ వస్తారు. ఒంటికి చెకప్‌లు, చక్రాల కుర్చీలకు మరమ్మతులు, ఆటలపోటీలు, పాటలు. కొట్టు పెట్టుకున్నవాళ్లు, కుట్టుమిషన్ మీద బతుకుతున్నవాళ్లు, పెళ్లి చేసుకున్నవాళ్లు ఒకరి కబుర్లు ఒకరికి చెప్పుకుంటారు. కొత్తగా ప్రమాదం జరిగి, ఇంకా మంచం దిగడానికి భయపడుతున్నవాడు ఓ పక్కన కూర్చుని వాళ్లను చూస్తుంటాడు.

వీళ్లందరూ ఇంటికెళ్లాక రోజూ తప్పనిసరిగా చేయాల్సిన పని ఒకటుంది. రాత్రి పడుకునే ముందు చిన్న అద్దం పట్టుకుని ఒళ్లంతా చూసుకోవాలి. వీపు కింద, మడమల దగ్గర ఎక్కడైనా ఎర్రబడిందా, చర్మం ఊడిందా అని. అద్దానికీ అందని చోట్లు కొన్ని ఉంటాయి. అక్కడ భార్యో, తల్లో, కూతురో దీపం పట్టుకుని చూసి చెబుతారు.